బియ్యం బస్తా మూల

జుఫైర్ల, అమెరికా నేవీ గేటుకు ఎదురు సందుల
నాది ఆరడుగుల దుకాణం.
యూనిఫారాల మీద పేర్లు కుడ్త.
ఏ పేరుకు ఎంత దారం పడ్తదో తెలుసు,
ఆ పేరుగల్ల మనిషి సంగతి తెల్వకపోయినా.

గోడ మీది టీవీల
రెండేండ్ల తర్వాత వచ్చే ఎలక్షన్.
పద్నాలుగు మొఖాలు, రెండు వరసలు,
పెండ్లి ఫొటో తీర్గ నిలవెట్టిండ్రు.
ఇంకా ఎవ్వలు నిలబడ్తమన్లే.
నిలబడమని గూడ అన్లే.
ఒకాయన అయోవాకు పోయిండట,
ఊకెనే, మక్కకంకులు తినెతందుకు.
ఒకామె పుస్తకం రాస్తున్నదట.
ఇంకొకాయన ఇంట్లోళ్లను అడుగుతున్నడట.
ఇంట్ల అడిగే ముచ్చట టీవీకి ఎవలు మోసిండ్రో!

ఆలు లేదు చూలు లేదు,
కొడుకు పేరు సోమలింగం
అని నాలో నేను అనుకుంటే
కొలతకు నిలబడ్డ హాగ్‌స్ట్రమ్ మేడం
ఏందది, చెప్పుమన్నది.
నాకొచ్చిన ఇంగ్లీషుల చెప్పిన:
పెండ్లాం లేదు, కడుపు లేదు,
పిలగానికి పేరు వెట్టుడు అయిపోయింది.
ఆమె నవ్వి నవ్వి
బల్ల మీది చాక్‌పీసులన్ని కింద వడగొట్టింది.

ఆమెది అయోవానే. పందుల ఫారం.
చలికాలం రాత్రి, బడిల బంతులాడే హాలు,
డబ్బా ఉండదట, చీటీ ఉండదట.
ఒక్కొక్కలకు ఒక్కో మూల.
నచ్చినోళ్ల మూలకు పోయి నిలవడాలె,
పక్కింటోళ్లు సూస్తుండంగనే.
తక్కువ మందున్న మూల చెల్లదు.
ఇగ మిగిలిన మూలలోళ్లు చెయ్యి వట్టి గుంజుతరు,
ఇటు రా, మా దిక్కు కేకున్నది.
ఒకపారి వాళ్ల నాయిన
ఒక్కడే ఒక మూలకు నిలబడ్డడట గంటసేపు,
బూట్ల మంచు కరిగి మడుగయ్యేదాంక.
ఎవలి కోసమని అడిగిన.
ఆమెకు పేరు యాదికి లేదు,
మడుగు యాదికున్నది.

సిరిసిల్ల లిస్టుల నా పేరు మీద
ఊర్ల ఉంటలేడని గీత కొట్టిండ్రు.
ఈడ కార్డున్నది, అది పనిది.

గుదైబియాల మా రూముల తొమ్మిది మందిమి.
ఏడుగురిది ఒక్కటే కంపెనీ,
నాలుగు నెలల జీతం బాకీ.
ఎవలో ఒకలు ఆఫీసుకు పోయి అడగాలె.
మూడు వారాల సంది ఇదే లెక్క:
లక్ష్మీరాజం పోతడేమో, అరబ్బీ వస్తది.
ఏం పోతడు, వీసా ఒడిసే నెల.
రఫీకుల్ పోతడేమో.
ఢాకా పిలగాడు, వాన్ని ముందట వెడ్తమా?
ఎవ్వలు పోతమన్లే.
పోమని గూడ అన్లే.

శుక్రవారం పొద్దుగాల
నేను మూలల ముచ్చట చెప్పిన.
నవ్విండ్రు. నవ్వుకుంటనే లేసిండ్రు.
ఫ్రిజ్ మూల లక్ష్మీరాజానిది,
చెప్పుల మూల రఫీకుల్‌ది,
బియ్యం బస్తా మూల గంగారాంది.
నాలుగో మూలకు మంచం అడ్డం, ఆడ మనిషి పట్టడు.
గంగారాం పన్ను నొప్పోని తీర్గ ఉంటడు, మాట్లాడడు.
గని తన మంచం పక్క గోడ మీద
అందరి ఓవర్‌టైం గంటలు
పెన్సిల్‌తోని గీతలు గీసి వెట్టిండు.
మొదాలు రఫీకులే
తన మూల తానే ఇడిసి బస్తా దిక్కు నడిసిండు.
ఎనుక ఇద్దరు. మల్ల ఒకరు.
లక్ష్మీరాజం ఒక్కడు మిగిలి,
ఫ్రిజ్ తలుపు తీసి నీళ్లు తాగి,
సీసా మల్ల లోపల వెట్టి, వచ్చిండు.
బస్తా మీద కూసున్న గంగారాం
నన్నెవలు అడిగిండ్రురా అన్నడు.

ఐతారం నా అంగి తొడుక్కొని పోయిండు.
భుజాలు లూజు, రాత్రే రెండు కుట్లేసిన.
వచ్చే వారం రమ్మన్నరట.
ఏడుగురి పేర్లు కాయితం మీద రాయించుకున్నరట,
అది మంచికో చెడుకో ఎవలికి ఎరుక.

హాగ్‌స్ట్రమ్ మేడం ఓడెక్కి పోయింది, చెప్పకుంటనే.
పైసలిచ్చిన పేరు పట్టీ ఒకటి
సూదుల డబ్బాల ఉండిపోయింది.
టీవీల ఒక మొఖం తక్కువైంది,
ఇంట్లోళ్లు వద్దన్నరట.

గంగారాం మల్ల ఐతారం పోవాలె.
అంగి నా దగ్గరనే ఉన్నది.
పై గుండీ ఊసిపోయింది,
ఎక్కడ ఊసిందో చెప్తలేడు.